మంత్రి రాసిచ్చిన జవాబు: చెప్పిందేమిటి, వదిలేసిందేమిటి

2021 జులై 20న రాజ్యసభలో ఇచ్చిన ఒక లిఖితపూర్వక సమాధానం దేశమంతా దుమారం రేపింది. కొవిడ్ రెండో వేవ్‌లో ఆక్సిజన్ అందక రోడ్ల మీద, ఆస్పత్రుల్లో పెద్ద సంఖ్యలో జనం చనిపోయారా అని కాంగ్రెస్ సభ్యుడు కె.సి.వేణుగోపాల్ అడిగారు. ఆరోగ్యశాఖ సహాయ మంత్రి భారతీ ప్రవీణ్ పవార్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ఆరోగ్యం రాష్ట్రాల అంశం. కేసులు, మరణాల లెక్కలు రాష్ట్రాలే కేంద్రానికి పంపుతాయి. ఆక్సిజన్ కొరత వల్ల ఫలానా మరణాలు జరిగాయని ఏ రాష్ట్రమూ, ఏ కేంద్రపాలిత ప్రాంతమూ ప్రత్యేకంగా తెలియజేయలేదు.

ఆ సాయంత్రానికల్లా టీవీ స్క్రోలింగుల్లో అది ‘ఆక్సిజన్ కొరతతో ఎవరూ చనిపోలేదన్న కేంద్రం’గా మారిపోయింది. జవాబును జాగ్రత్తగా చదివితే మంత్రి ఆ మాట అనలేదు. ‘మాకు ఎవరూ రాసి పంపలేదు’ అన్నారంతే. రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిది నిజం గురించి, రెండోది ఫైలు గురించి. ఆ జవాబుకు రెండు నెలల ముందే, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. ఆ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం పది లక్షల రూపాయల చొప్పున పరిహారం కూడా ప్రకటించింది. జరిగింది ఊరంతటికీ తెలుసు, పేపర్లన్నింటిలో వచ్చింది, ప్రభుత్వమే డబ్బు ఇస్తానంది. పార్లమెంటు రికార్డులో మాత్రం అది లేదు.

తర్వాత జరిగిందే అసలు ముఖ్యం. విమర్శలు పెరగడంతో, ఆక్సిజన్ మరణాల వివరాలు పంపమని కేంద్రం రాష్ట్రాలను అడిగింది. ఆగస్టులో పార్లమెంటుకు ఇచ్చిన మరో లిఖితపూర్వక సమాధానంలో ఆంధ్రప్రదేశ్ పేరు వచ్చింది. రుయాలో వెంటిలేటర్ మీద ఉన్న కొందరు రోగులు చనిపోయారని రాష్ట్రం తెలిపిందనీ, ఆక్సిజన్ ట్యాంకులో నిల్వ తగ్గడానికీ, బ్యాకప్ వ్యవస్థ ఆన్ కావడానికీ మధ్య వచ్చిన వ్యవధిలో పైపుల్లో ప్రెషర్ పడిపోయిందని ప్రాథమిక విచారణ సూచిస్తోందనీ అందులో ఉంది. జులైలో ‘ఎవరూ తెలియజేయలేదు’ అన్న ప్రభుత్వం చేతే మూడు వారాల్లో ఒక ఆస్పత్రి పేరు, ఒక తేదీ, ఒక కారణం రాయించగలిగారు. ఆ తర్వాతైనా మిగతా రాష్ట్రాల సంగతి ఏమిటన్నది వేరే చర్చ. మంత్రుల్ని ప్రశ్నలతో జవాబుదారీ చేయడమంటే చాలావరకు ఇదే. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు తప్పించుకునేలా ఉంటుంది. దాని సందులు చూసి రెండోసారి అడిగితేనే వివరం బయటికొస్తుంది.

ఈ పద్ధతి పనిచేసే తీరు తెలిస్తే జవాబులు ఎందుకలా ఉంటాయో కూడా అర్థమవుతుంది. పార్లమెంటులో ప్రశ్నలు ప్రధానంగా రెండు రకాలు. నక్షత్ర గుర్తు ఉన్నవాటికి మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి, సభ్యులు అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనివాటికి రాతపూర్వకంగా జవాబిచ్చి సభ ముందుంచితే చాలు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 వరకు మామూలు ప్రశ్నలు జాబితాలో చేరతాయి. రాజ్యసభలో ఆ సంఖ్యలు 15, 160. లోక్‌సభ ఇరవైలోనూ ప్రశ్నోత్తరాల గంటలో మౌఖికంగా తేలేవి అయిదారే, సభ సజావుగా సాగిన రోజున కూడా. అంటే ప్రభుత్వం నుంచి పార్లమెంటు రాబట్టే సమాచారంలో సింహభాగం కాగితం మీదే వస్తుంది. గొడవలతో సభ వాయిదా పడినా రాతపూర్వక జవాబులు ఆగవు, ఆ రోజు జాబితాలో ఉన్నవి సభ ముందుకు వచ్చినట్టే. టీవీలో కనిపించేది వెల్‌లోకి దూసుకెళ్లిన సభ్యులు, విసిరేసిన కాగితాలు. అదే రోజు సభ వెబ్‌సైట్‌లో రెండు మూడు వందల జవాబులు నిశ్శబ్దంగా చేరి ఉంటాయి.

కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. ప్రశ్న మామూలుగా 150 మాటలు దాటకూడదు. అభిప్రాయం అడగకూడదు, కోర్టులో నడుస్తున్న విషయం ఎత్తకూడదు, ఆరోపణలు దట్టించకూడదు, కేంద్రానికి సంబంధం లేని అంశం తేకూడదు. ఏ ప్రశ్న ముందు వస్తుందో లాటరీ తేలుస్తుంది. ప్రశ్న శాఖకు చేరాక సంబంధిత విభాగంలో ముసాయిదా తయారవుతుంది. అది మెట్టుమెట్టుగా పైకెళ్లి, మంత్రి ఆమోదంతో సభకు వస్తుంది. కింద సంతకం మంత్రిది కాబట్టి, తెలిసీ తప్పు చెబితే సభాహక్కుల ఉల్లంఘన అవుతుంది. అందుకే అధికారులు ప్రతి మాటా తూచి రాస్తారు. సూటిగా అబద్ధం రాయడం చాలా అరుదు. ప్రశ్నలో దొరికిన సందులోంచి జారిపోవడమే మామూలు.

ఆ సందులు ఎలా ఉంటాయో 2020 సెప్టెంబరు సమావేశాలు చూపించాయి. కొవిడ్ కారణం చెప్పి అప్పుడు ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు. ఎదురుగా నిలబెట్టి అడిగే అవకాశం పోయి, రాతపూర్వక ప్రశ్నలే మిగిలాయి. లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కార్మికులు చనిపోయారు, వాళ్ల కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని లోక్‌సభలో అడిగితే, కార్మిక శాఖ మంత్రి సంతోష్ గంగ్వార్ సెప్టెంబరు 14న రెండు ముక్కల్లో తేల్చేశారు. అలాంటి లెక్కలు నిర్వహించడం లేదు. కాబట్టి పరిహారం గురించిన ప్రశ్న ఉత్పన్నం కాదు. కోటి నాలుగు లక్షల మందికి పైగా సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లారన్న లెక్క మాత్రం అదే శాఖ దగ్గర ఉంది. ఇంటికి చేరినవాళ్లను లెక్కపెట్టగలిగిన వ్యవస్థ, దారిలో రాలిపోయినవాళ్లను లెక్కపెట్టలేదు.

కొద్ది రోజులకే రాజ్యసభలో ఇంకో ప్రశ్న. ఈసారి అడిగింది రైల్వే శాఖను, అదీ వలస కార్మికుల కోసం నడిపిన శ్రామిక్ రైళ్ల గురించి మాత్రమే. రాష్ట్రాల పోలీసులు ఇచ్చిన వివరాల ప్రకారం సెప్టెంబరు 9 వరకు ఆ రైళ్లలో ప్రయాణిస్తూ 97 మంది చనిపోయారని మంత్రి పీయూష్ గోయల్ జవాబిచ్చారు. అదే ప్రభుత్వం, అవే సమావేశాలు, దాదాపు అదే విషయం. దేశం మొత్తం మీద ఎందరని అడిగితే లెక్క లేదు. ఒక శాఖ చేతిలో ఉన్న ఒక సేవ గురించి అడిగేసరికి 97 అన్న అంకె వచ్చింది. రోడ్ల మీద నడుస్తూ చనిపోయినవాళ్లు ఆ అంకెలో లేరు, అది నిజమే. కానీ ‘లెక్క లేదు’ అన్న గోడకు మొదటి బీట అక్కడ పడింది. వలస బతుకులే ఆధారమైన పాలమూరు, శ్రీకాకుళం లాంటి జిల్లాల నుంచి ఎన్నికైనవాళ్లకు ఈ తేడా బాగా తెలిసి ఉండాలి.

మాటల నిర్వచనంలో దాక్కోవడం ఇంకో దారి. మానవ మలాన్ని చేతులతో ఎత్తే పని వల్ల మరణాలు జరిగినట్టు సమాచారం లేదని 2021 జులైలో సామాజిక న్యాయ శాఖ రాజ్యసభకు చెప్పింది. చదివినవాళ్లు నిర్ఘాంతపోయారు. ఎందుకంటే మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ అయిదేళ్లలో 340 మంది చనిపోయారని కొన్ని నెలల ముందు ఇదే ప్రభుత్వం పార్లమెంటుకే చెప్పింది. చట్టంలో ఆ రెండు పనులకూ వేర్వేరు నిర్వచనాలు ఉన్నాయి. ప్రశ్నలో మొదటి మాట ఉంటే జవాబు సున్నా, రెండో మాట ఉంటే వందల్లో. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చచ్చిపోయిన మనిషి ఇంట్లోవాళ్లకు ఈ నిర్వచనాలతో పనిలేదు. ప్రశ్న రాసే సభ్యుడికి మాత్రం ఉంది. ఆ తేడా తెలియకుండా రాసిన ప్రశ్న ప్రభుత్వానికి ఒక సున్నాను బహుమతిగా ఇచ్చినట్టవుతుంది, ఆ సున్నా ఏళ్ల తరబడి రికార్డులో ఉండిపోతుంది.

జవాబుల్ని తరచుగా చదివేవాళ్లకు మరో అలవాటు కూడా కనిపిస్తుంది. సభ్యుడు ఎ, బి, సి, డి అని నాలుగు భాగాలుగా అడుగుతాడు. మంజూరు ఎంత, విడుదల ఎంత, ఖర్చు ఎంత, ఆలస్యానికి కారణం ఏమిటి. జవాబు ‘ఎ నుంచి డి వరకు’ అని మొదలై ఒకే పెద్ద పేరాగా వస్తుంది. పథకం పుట్టుక, లక్ష్యాలు, మార్గదర్శకాలు అన్నీ ఉంటాయి, మంజూరు అంకె కూడా ఉంటుంది. ఆలస్యానికి కారణం మాత్రం ఎక్కడా కనపడదు. అన్నింటినీ కలిపేయడంతో ఏ భాగానికి జవాబు రాలేదో పైపైన చదివితే తెలియదు. విడివిడిగా నాలుగు చిన్న ప్రశ్నలు, నాలుగు వేర్వేరు రోజుల్లో వేస్తే ఈ సౌకర్యం ఉండదు. విడుదల ఎంత అని మాత్రమే అడిగిన ప్రశ్నకు పథకం లక్ష్యాలతో జవాబు రాయడం ఏ అధికారికైనా కష్టం.

తెలుగు రాష్ట్రాలకు సంబంధించి ఈ పదేళ్లలో వచ్చిన రాతపూర్వక జవాబుల్లో రెండు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోదగ్గవి. మొదటిది 2020 ఫిబ్రవరి 4న లోక్‌సభలో వచ్చింది. మూడు రాజధానుల గొడవ ఉధృతంగా ఉన్న రోజులవి. తెలుగుదేశం ఎంపీ గల్లా జయదేవ్ అడిగిన ప్రశ్నకు హోంశాఖ సహాయ మంత్రి నిత్యానంద్ రాయ్ జవాబిస్తూ, 2015 ఏప్రిల్ 23 నాటి ఉత్తర్వుతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతిని రాజధానిగా నోటిఫై చేసిందని చెప్పారు. ఆ వెంటనే, రాష్ట్ర పరిధిలో రాజధాని ఎక్కడన్నది ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుందని కూడా అన్నారు. గంటలో తెలుగుదేశం మొదటి వాక్యం పట్టుకుంది, వైఎస్సార్ కాంగ్రెస్ రెండో వాక్యం పట్టుకుంది. ‘కేంద్రం మా వైపే’ అని ఇద్దరూ చెప్పుకున్నారు. కేంద్రం ఎవరి వైపూ లేదు. జరిగినదాన్నీ, చట్టంలో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి తప్పుకుంది. భూములిచ్చిన రైతులకు కావాల్సింది ఆ రెండు వాక్యాల్లోనూ లేదు. విభజన చట్టం కింద రాజధాని కోసం ఇచ్చిన కేంద్ర నిధుల పరిస్థితి ఏమిటి, ఒకసారి నోటిఫై చేసిన రాజధాని మారితే ఆ నిధులు ఏమవుతాయి అని అడిగి ఉంటే, ‘రాష్ట్రం ఇష్టం’ అన్న జవాబు అంత తేలిగ్గా సరిపోయేది కాదు.

రెండోది విశాఖ ఉక్కుది. 2021 మార్చి 8న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ లోక్‌సభకు ఇచ్చిన జవాబులో దాపరికం ఏమీ లేదు. విశాఖ ఉక్కును నడిపే ఆర్‌ఐఎన్‌ఎల్‌లో కేంద్ర ప్రభుత్వ వాటాను నూటికి నూరు శాతం, యాజమాన్య నియంత్రణతో సహా ఉపసంహరించుకోవడానికి ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఆమోదించిందని, ఆ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి వాటా లేదని అందులో స్పష్టంగా ఉంది. ఆ రాత్రే కూర్మన్నపాలెం దగ్గర కార్మికులు రోడ్డెక్కారు. అప్పటిదాకా ‘చర్చల్లో ఉంది’, ‘ఇంకా తేలలేదు’ అంటూ నాయకులు ఎవరికి తోచినట్టు వారు చెబుతూ వచ్చిన దానికి ఆ ఒక్క కాగితం తెరదించింది. తేదీ ఉంది, కమిటీ పేరు ఉంది, శాతం ఉంది. ఉద్యమానికైనా, కోర్టుకైనా, రేపటి ప్రశ్నకైనా ఆధారంగా నిలిచేది ఇలాంటి జవాబే. 2025 జనవరిలో ప్లాంటుకు కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాక కూడా అడగాల్సింది ‘ప్లాంటును ఆదుకుంటారా’ అని కాదు. దానికి ‘కట్టుబడి ఉన్నాం’ అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 2021 జనవరి 27 నాటి నిర్ణయం అమల్లో ఉందా, రద్దయిందా, రద్దయితే ఏ తేదీన? అంతే. ఇరవై మాటలు కూడా కావు.

జవాబు నచ్చకపోతే, లేదా తప్పని తేలితే, సభ్యుడి చేతిలో మార్గాలు లేకపోలేదు. ఇటీవల జవాబొచ్చిన ప్రశ్న మీద లోక్‌సభలో అరగంట చర్చ కోరవచ్చు. రాతపూర్వక జవాబుకూ ఆ వీలుంది. మంత్రి చెప్పినదాంట్లో తప్పుందని ఆధారాలతో స్పీకర్‌కు రాయవచ్చు. తప్పు నిజమైతే మంత్రి సభలో సవరణ ప్రకటన చేయాలి. 1957లో జీవిత బీమా సంస్థ సొమ్ము వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లోకి వెళ్లిందన్న అనుమానం మొదట సభలో ప్రశ్నగానే వచ్చింది. వచ్చిన జవాబు పొడిపొడిగా ఉంది. దాన్ని వదిలిపెట్టకుండా తవ్వింది ప్రతిపక్షం ఒక్కటే కాదు, కాంగ్రెస్ సభ్యుడే అయిన ఫిరోజ్ గాంధీ కూడా. చివరికి జస్టిస్ చాగ్లా విచారణ, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా. మొత్తం సొమ్ము సుమారు కోటీ పాతిక లక్షలే. సొంత పార్టీ మంత్రిని అలా వెంటాడిన సభ్యుడు ఇవాళ ఏ పార్టీలోనూ కనిపించకపోవడం పార్లమెంటుకే నష్టం.

ఇక ‘పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’ అన్న జవాబులు. ఇవి తప్పించుకునే మాటల్లా కనిపిస్తాయి కానీ, పార్లమెంటు లెక్కలో ఇవి హామీలు. వీటిని పట్టుకోవడానికే లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. మంత్రి ఇచ్చిన హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, కాకపోతే గడువు పొడిగించమని అడగాలి, లేదా హామీని జాబితాలోంచి తీసేయమని కారణం చెప్పి వేడుకోవాలి. ఏళ్ల తరబడి పెండింగులో పడి ఉన్న హామీల మీద కమిటీ నివేదికలు ఇస్తూనే ఉంటుంది. అందుకే అనుభవమున్న అధికారులు జవాబులో హామీ కిందికి వచ్చే మాట పడకుండా చూసుకుంటారు. ‘చేస్తాం’ అనాల్సిన చోట ‘చేయడం నిరంతర ప్రక్రియ’ అంటారు. ఎంపీ ఆఫీసుల్లో ఎవరైనా కూర్చుని తమ రాష్ట్రానికి వచ్చిన ‘పరిశీలనలో ఉంది’ జవాబులన్నీ తేదీలతో ఒక పట్టికగా రాసుకుంటే, ప్రతి సమావేశాలకూ సగం ప్రశ్నలు సిద్ధంగా ఉంటాయి.

జరుగుతున్నది మాత్రం అది కాదు. ప్రశ్నల సంఖ్య గొప్పగా మారింది. ఎవరు ఎన్ని ప్రశ్నలు వేశారో, చట్టసభల పనితీరును గమనించే పీఆర్‌ఎస్ లాంటి సంస్థలు లెక్క కట్టి ఇస్తున్నాయి. అది మంచి పనే. కానీ ఆ అంకెను ఫ్లెక్సీల మీద వేసుకోవడం మొదలయ్యాక, గూగుల్‌లో దొరికే విషయాన్ని కూడా ప్రశ్నగా పంపేస్తున్నారు. దేశవ్యాప్తంగా ఒక పథకం వివరాలు అడిగితే పదిహేను పేజీల అనుబంధం వస్తుంది, అందులో తమ జిల్లా వరుస ఎక్కడుందో వెతికేవాళ్లు ఉండరు. అలాంటి వంద ప్రశ్నల కంటే ఒకే విషయం మీద వరుసగా అయిదు సమావేశాల్లో వేసిన అయిదు ప్రశ్నలు ప్రభుత్వాన్ని ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ప్రశ్నకు విలువ ఉందన్న సంగతి దాన్ని అమ్ముకున్నవాళ్లకూ తెలుసు. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేస్తామని ఒప్పుకుంటూ రహస్య కెమెరాకు చిక్కిన 11 మంది ఎంపీలను 2005 డిసెంబరు 23న ఉభయ సభలూ బహిష్కరించాయి. లోక్‌సభ నుంచి పది మంది, రాజ్యసభ నుంచి ఒకరు.

ఈ హక్కు ఊరికే వచ్చింది కాదు. 1892 చట్టంతో బ్రిటిష్ ప్రభుత్వం శాసన మండలిలో ప్రశ్న అడగనిచ్చింది, అనుబంధ ప్రశ్న వేయనివ్వలేదు. 1893లో భింగా రాజా అడిగిన మొట్టమొదటి ప్రశ్న, పర్యటనకొచ్చే అధికారులకు సరుకులివ్వలేక పల్లెటూరి దుకాణదారులు పడుతున్న అవస్థల గురించి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చినప్పుడు, పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించకూడదని అందులో రాశారు. సామాన్యుడి హక్కుకు సభ్యుడి హక్కే కొలమానమైంది. సభ్యుడు అడగడం మానేస్తే ఆ కొలమానమే కుంచించుకుపోతుంది.

ఈ విషయంలో శాసనసభల పరిస్థితి ఎక్కువ కలవరపెడుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు, ఆరోగ్యశ్రీ కింద ఆస్పత్రులకు ఆగిపోయిన బిల్లులు, ధాన్యం డబ్బులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఖాళీ, హాస్టల్లో కలుషితాహారం. రోజువారీ బతుకును తాకేవన్నీ రాష్ట్ర మంత్రులు జవాబు చెప్పాల్సినవే. వీటిని ఢిల్లీలో అడిగితే రాష్ట్ర పరిధిలోని అంశమన్న ఒక్క వాక్యం వస్తుంది. రాష్ట్రంలో అడగాలంటే సభ నడవాలి. నాలుగైదు రోజులకు కుదించిన సమావేశాల్లో నోటీసు గడువు, జాబితా, జవాబు తయారీ అన్నీ ఇరుకున పడతాయి. కొన్నిసార్లు ప్రశ్నోత్తరాలనే పక్కన పెట్టి నేరుగా చర్చకో బిల్లుకో వెళ్లిపోతారు. దానికి తోడు ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్షమే సభ బయట ఉండటం ఆనవాయితీ అయిపోయింది. 2017 చివర్లో వైఎస్సార్ కాంగ్రెస్ సభను బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు, మళ్లీ ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానని చెప్పి వెళ్లిపోయారు. 2024 తర్వాత ప్రతిపక్ష హోదా ఇవ్వలేదన్న కారణంతో వైఎస్సార్ కాంగ్రెస్ మళ్లీ దూరంగా ఉంది. ఎవరి కారణాలు వాళ్లకు ఉండొచ్చు. కానీ ప్రెస్‌మీట్‌లో వేసిన ప్రశ్నకు మంత్రి జవాబు చెప్పాలన్న నియమం ఎక్కడా లేదు. తప్పు చెప్పినా అక్కడ సభాహక్కుల ఉల్లంఘన కాదు, ‘చూస్తాం’ అన్నా అది ఏ హామీల కమిటీ ముందుకూ రాదు. ఫీజు బకాయిల వల్ల కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వని విద్యార్థి కోసం ఒక శాసనసభ్యుడు తన నియోజకవర్గంలో ఏ కాలేజీకి, ఏ ఏడాదికి, ఎంత బాకీ ఉందని రాసి అడిగితే, మంత్రి సంతకంతో ఒక అంకె రావాలి. ఆ అంకె తెప్పించే అధికారం నియోజకవర్గం మొత్తం మీద ఆ ఒక్కరికే ఉంది.